జీతం సరే... పండక్కి ఇంట్లో ఉంటారా?

‘పైలట్‌కి జీతం ఎంత?’ ఇక్కడ డాలస్‌లో మనవాళ్లు నలుగురు కలిసినచోట ఎవరి పిల్లలైనా పైలట్ అవుతామంటున్నారని తెలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఇదే. పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ వద్దు, విమానం నడుపుతానంటోంది. అప్పటి నుంచి నేనూ ఆరా తీస్తున్నాను. మా కాలనీలోనే ఉండే ఓ తెలుగు పైలట్‌తో చాలాసేపు మాట్లాడాను. జీతం కంటే ముందు క్యాలెండర్ గురించి అడగాలని అప్పుడు తెలిసింది.

మన సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారితే జీతం పెరుగుతుంది. వీళ్ల లెక్క వేరు. అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్‌లో అన్నిటికీ సీనియారిటీ నంబరే ఆధారం. ఏ ఊళ్లో బేస్, ఏ విమానం, ఏ రోజుల్లో సెలవు, కెప్టెన్ అయ్యేది ఎప్పుడు అన్నీ దాన్నిబట్టే తేలతాయి. పదేళ్ల అనుభవం ఉన్నా వేరే ఎయిర్‌లైన్స్‌కి మారితే మళ్లీ జాబితా చివర నిలబడాల్సిందే. కొత్తవాళ్లకు చాలాకాలం రిజర్వ్ డ్యూటీ ఉంటుంది. ఫోన్ వస్తే బయల్దేరాలి. ‘మా బాబు అక్షరాభ్యాసం హోటల్ గదిలో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను’ అన్నారాయన.

పక్కనే ఉన్న ఆయన భార్య మరో మాట చెప్పారు: ‘కానీ అన్నయ్యగారూ, ఇంటికొచ్చాక పూర్తిగా మాతోనే ఉంటారు. భోజనాల దగ్గర ల్యాప్‌టాప్ తెరవరు.’ నిజమే. విమానం దిగితే ఆయన పని అయిపోయినట్టే. నిబంధనల ప్రకారం డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదిలో 1,000 గంటలకు మించి నడపకూడదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ కాల్స్ ఎత్తే మనకు అలాంటి హద్దులేవీ లేవు.

దారి మాత్రం పొడవైనదే. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత చట్టం మారింది. 2013 నుంచి ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌కి కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. గుర్తింపు ఉన్న ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు 1,000 గంటలు చాలు. శిక్షణ ఖర్చు లక్ష డాలర్ల వరకూ అవుతుంది, కొన్నిచోట్ల దాటుతుంది. ఆ తర్వాత చాలామంది ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేస్తూ గంటలు పోగు చేసుకుంటారు.

మన కుటుంబాలు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఆ పని చేసి జీతం తీసుకోలేరు. 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుంది. అప్పుచేసి శిక్షణ ఇప్పించినా, పనిచేసే అనుమతి లేకపోతే గంటల దగ్గరే ఆగిపోతారు. అందుకే ఫ్లయింగ్ స్కూల్‌కి డబ్బు కట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడటం మంచిది.

ఇంకోటి ఆరోగ్యం. ఎయిర్‌లైన్ కెప్టెన్లు 40 ఏళ్లలోపు ఏటా, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ ఫస్ట్ క్లాస్ మెడికల్ పాస్ కావాలి. బీపీ, షుగర్ ఉన్న మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆ సర్టిఫికెట్ ఆగితే విమానం నడపడమూ ఆగుతుంది. 65 ఏళ్లకు ఎలాగూ దిగిపోవాల్సిందే.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి వీసా చిక్కు లేదు. ముందు మెడికల్ చేయిస్తాం. అది పాసైతే ప్రైవేట్ లైసెన్స్ వరకు మా డబ్బుతోనే నేర్పిస్తాం. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే అప్పు గురించి ఆలోచిస్తాం. ఏదైనా ఒక డిగ్రీ మాత్రం ఉండాలన్నాను, సరేనంది.

మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే పిల్లల్ని ఓ పైలట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయనతో మాట్లాడాక, ఆయన కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లతోనూ ఓ గంట మాట్లాడించండి.