పింగాణీని కాపాడే పలుచదనం

దోహాలోని అల్ ముంతజా వీధుల్లో తిరిగే చాలా పెట్రోలు కార్ల పొగగొట్టంలో తేనెపట్టును పోలిన పింగాణీ దిమ్మె ఉంటుంది. ఇంజను నడిచిన కొద్ది నిమిషాల్లోనే అది వందల డిగ్రీలు వేడెక్కుతుంది, అయినా పగలదు. కార్డియరైట్ అనే ఆ పదార్థం వేడికి అతి స్వల్పంగా వ్యాకోచించడం ఒక కారణం, ఆకారం రెండవ కారణం.

పింగాణీని పగలగొట్టేది వేడి కాదు, ఒకే వస్తువులోని భాగాల మధ్య ఉష్ణోగ్రతా భేదం. మందం సగమైతే వేడి లోపలికి చేరే కాలం నాలుగో వంతవుతుంది. అందుకే సుమారు 0.1–0.2 మిల్లీమీటర్ల మందమున్న ఆ తేనెపట్టు గోడలు త్వరగా, సమంగా వేడెక్కుతాయి.

మందమైన దిమ్మె హఠాత్తుగా చల్లబడితే పైపొర కుంచించుకోబోతుంది, వేడిగా ఉన్న లోపొర అడ్డుపడుతుంది. పింగాణీ నొక్కుడును ఓర్చినంతగా లాగుడును ఓర్వలేదు, పైపొర చిట్లుతుంది. పదునైన మూలల్లో ఆ లాగుడు మరింత కేంద్రీకృతమవుతుంది. మూలను గుండ్రం చేస్తే తగ్గుతుంది. పదార్థం ఎంత మేలైనదైనా, ఆకారం తప్పితే నిలవదు.