చెట్టెక్కు త్రాడు: ఇంట పేనదగినది, కొనదగినది

తాటిచెట్టు లేని పొలముగట్టు మన పల్లెలలో అరుదు. కల్లు గీయువారు, ముంజలు కోయువారు, కమ్మలు కొట్టువారు ఏటేట ఆ చెట్ల నెక్కుచున్నారు. కొబ్బరితోటలుగల సీమలలో దింపువారి పనియు నిట్టిదే. ఈ పనియందు మనిషి ప్రాణమునకు ఆధారము త్రాడు. చెట్టు రైతుది, ఎక్కువాని ప్రాణము అతనిది. కావున ఏ త్రాటిని ఇంట పేనుకొనవచ్చునో, దేనిని కొని తేవలెనో ప్రతి రైతును తెలిసియుండుట ధర్మము.

మోకు పనిచేయు విధము

గీతపనివారి మోకు చెట్టుమానును, ఎక్కువాని నడుమును కలిపి చుట్టివచ్చును. అతడు వెనుకకు ఒరగి బరువును కొంత మోకుపైనను కొంత పాదములపైనను మోపును. పిమ్మట మానువైపు వంగి, మోకును సడలించి పైకి జరుపుకొని మరల ఒరగును. కాళ్ళు జారకుండ గుజి యను బంధమును వేసికొనును. మోకు బిగువుగా నున్నంతసేపు మనిషి నిలుచును. సడలించి జరుపు క్షణమున మాత్రము పాదముల పట్టే దిక్కు. వానకు మాను నానియున్న దినమున ఆ పట్టును నమ్మరాదు. ఇదిగాక తాటిమాను గరుకైనది. మోకు మానునకు ఆనుచోటనే దినదినము అరిగిపోవును. చూపునకు త్రాడంతయు బాగుగానున్నట్లే యుండి ఆ జానెడు చోటనే తెగును.

జనుము నారతో పేనుట

పచ్చిరొట్టకై మనము చల్లు జనుమే మంచి త్రాటినార నిచ్చును. నారకై చల్లునపుడు ఒత్తుగా చల్లవలెను. అట్లయిన కాడలు కొమ్మలు వేయక నిటారుగా పెరుగును. పూత ముగిసి కాయ పట్టు దశలో కోసి, ఒకటి రెండు దినములు పొలముననే యుంచినచో ఆకు రాలి నేలకు ఎరువగును. పిదప కట్టలు కట్టి, నిలువ నీటిలో ముంచి, పైన బరువు పెట్టవలెను. వేడి దినములలో నాలుగైదు దినములకు నార ఊడివచ్చును. చలి దినములలో ఎక్కువ కాలము పట్టును. దినమున కొకసారి ఒక కాడను తీసి చూచుచుండవలెను. తక్కువ నానిన నారకు బెరడు అంటియుండును. ఎక్కువ నానినది కుళ్ళి బలము కోల్పోవును. ఊడిన నారను మంచినీట కడిగి ఆరవేయవలెను.

పేనుటలో మూడు నియమములు ముఖ్యములు. మొదటిది, పేటలకు ఒక దిక్కునకు పురిపెట్టి, మూడు పేటలను కలుపునపుడు ఎదురు దిక్కునకు పేనవలెను. విప్పుకొనజూచు ఆ రెండు పురులును ఒకదాని నొకటి బిగించుటచేతనే త్రాడు నిలుచును. రెండవది, నారకొనలన్నియు ఒకేచోట ముగియకుండ ఎడమెడముగా కొత్త నారను చేర్చవలెను. మూడవది, మూడు పేటలకును బిగువు సమానముగా నుండవలెను. ఒక పేట వదులైనచో బరువంతయు తక్కిన రెంటిపైననే పడును.

ఇట్లు పేనిన త్రాడు పశువులను కట్టుటకును, చేదకును, బండి బిగించుటకును చాల మేలైనది. అంగడిలో దొరకు రంగురంగుల ప్లాస్టిక్ త్రాళ్ళు ఎండకు పెళుసెక్కి విరుగును. వానిని చెట్టెక్కుటకు ఎన్నటికిని వాడరాదు.

ఇంటి త్రాటి హద్దు

నారత్రాడు ఎంత బరువునకు తెగునో అందులో పదవవంతునకు మించిన బరువు దానిపై వేయకుండుట మంచిది. ముడి వేసినచోట త్రాటి బలము మూడవవంతు మొదలు సగమువరకు తగ్గును. బలము పరీక్షింపదలచినచో అదే నారతో అదేరీతి పేనిన వేరొక ముక్కకు బస్తాలు వ్రేలగట్టి చూడవలెను. అట్లు పరీక్షించిన ముక్కను మరల వాడరాదు. లోపలి నార కొంత తెగియుండును.

బస్తాలను మోసిన త్రాడు మనిషిని మోయదా యని కొందరడుగుదురు. నిలకడగా వ్రేలాడు బరువు వేరు, జారి పడు బరువు వేరు. గజము దూరము జారి పడిన మనిషి త్రాటిని తన బరువునకు ఎన్నో రెట్లు లాగును. నారత్రాడు అంతగా సాగదు గనుక ఆ దెబ్బకు త్రాడైన తెగును, నడుమైన విరుగును. ఇందుకై చేసిన నైలాను త్రాడు సాగి ఆ దెబ్బను తాను తీసికొనును. కావున పడువానిని ఆపవలసిన త్రాటిని, దట్టీని ఇంట చేయరాదు. పరీక్షింపబడి ముద్ర పడినదే కొనవలెను.

త్రాటియందు అశ్రద్ధ యెట్టిదో తెలుపు సంగతి యొకటి కలదు. 1865వ సంవత్సరము జూలై 14వ తేదీన ఐరోపాలోని మాటర్‌హార్న్ శిఖరమును మొట్టమొదట ఏడుగురు ఎక్కిరి. దిగునపుడు ఒకడు కాలుజారి మరి ముగ్గురిని లాగెను. వారికిని, పైనున్న మువ్వురికిని నడుమ త్రాడు తెగి ఆ నలుగురును మరణించిరి. వారియొద్ద బలమైన త్రాళ్ళు లేకపోలేదు. తెచ్చిన త్రాళ్ళలో మిక్కిలి బలహీనమైనదే ఆ చోట కట్టబడియుండెను. తెగిన ఆ ముక్క నేటికిని జెర్మాట్ పట్టణపు మ్యూజియములో నున్నది. బావిలో అరిగిన చేదత్రాటిని చెట్టెక్కువానికిచ్చు రైతు ఈ సంగతి తలచుకొనవలెను.

చూడవలసిన గుర్తులు

ఎక్కుటకు ముందు త్రాటిని కొననుండి కొనవరకు చేతితో తడవి చూడవలెను. పురిని కొంచెము విప్పి చూచినపుడు లోపల పొడి రాలినను, నార నల్లబడినను, ముక్కవాసన వేసినను ఆ త్రాడు పనికిరాదు. అట్టిదానిని పారవేసిన చాలదు, ముక్కలుగా కోయవలెను. లేనిచో మరియొకడు తీసికొని ఎక్కును. తడిసిన త్రాటిని నీడను ఆరవేసి గాలి తగులునట్లు వ్రేలాడదీయవలెను. ఎరువుల బస్తాలయొద్దను, పురుగుమందుల యొద్దను, బ్యాటరీల యొద్దను ఉంచరాదు. నైలానునకు ఎండయు, ఆమ్లమును, రాపిడి వేడియు శత్రువులు.

సంఘము చేయదగినది

తెలంగాణ ప్రభుత్వము 2024వ సంవత్సరమున గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కవచ మను పేర భద్రతా పరికరముల నిచ్చుట ప్రారంభించెను. చేయి జారినను, కాలు తప్పినను మనిషి నేలబడక వ్రేలాడియుండునట్లు చేయుటయే దాని యుద్దేశము. అట్టి పరికరములు అందనిచోట్ల ఒక్కొక్క రైతు విడివిడిగా కొనుట భారమగును. ఊరికి రెండు మూడు దట్టీలు, తగిన త్రాళ్ళు సంఘము కొని, ఒక పుస్తకమున కొన్న తేదీయు వాడిన దినములును వ్రాయుచు, ఎక్కువారికి వాడుక నేర్పించి ఇచ్చుచుండవచ్చును. పదిమంది కలిసి చేయగలిగిన పనికే గదా సహకార మని పేరు.

సభ్యులారా! జనుము చల్లుడు, త్రాళ్ళు పేనుడు, కొనుగోలు ఖర్చు తగ్గించుకొనుడు. కాని మీ చెట్టు ఎక్కువాని నడుమున నున్న త్రాటిని ఒకసారి మీ చేతులతో తడవి చూడనిదే అతనిని ఎక్కనీయకుడు.