ల్యాప్‌టాపునందలి యు.యస్.బి. పోర్టు: ఆగియాగి పనిచేయుటకు గల కారణములు

పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట కంటె, కొంతసేపు పనిచేసి కొంతసేపు మానుకొను యంత్రమును బాగుచేయుట కష్టము. వైద్యుడు వచ్చు వేళకు జ్వరము దిగిపోయిన రోగి వంటిది యది. ల్యాప్‌టాపులందలి యు.యస్.బి. పోర్టులకు ఈ జబ్బు తరచుగా వచ్చుచుండును. ఉదయమున మౌసు చక్కగా కదలును, మధ్యాహ్నమున కదలదు. పెన్‌డ్రైవు ఒకమారు కనబడును, మరియొకమారు కనబడదు. అంతట “పోర్టు కాలిపోయినది, మదర్‌బోర్డు మార్చవలెను” అని యెవరో యందురు. తలిదండ్రులు వేలకొలది రూపాయలకై యాలోచనలో పడుదురు. అనేక పర్యాయములు ఆ వ్యయము అవసరమే లేదు. దోషము ఎచ్చట నున్నదో క్రమముగా వెదకు పద్ధతిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

ముందుగా పోర్టు యొక్క నిర్మాణమును తెలిసికొందము. పూర్వము కంప్యూటరునకు మౌసును తగిలించుట కొక రంధ్రము, ప్రింటరునకు వేరొక రంధ్రము ఉండెడివి. వీటి కన్నిటికిని ఒకే ద్వారముండవలెనని ఇంటెల్, మైక్రోసాఫ్టు, ఐ.బి.యం. మొదలగు సంస్థలు కలసి 1996వ సంవత్సరమున యు.యస్.బి. యొక్క మొదటి నిబంధనలను వెలువరించినవి. ఇంటెల్ సంస్థలో ఈ పనికి పాటుపడిన వారిలో మన దేశమున జన్మించిన అజయ్ భట్ గారు ముఖ్యులు. దీర్ఘచతురస్రాకారమున నుండు సాధారణపు పోర్టులో నాలుగు లోహపు పట్టీలు కలవు. చివరి రెండును 5 వోల్టుల విద్యుత్తు కొరకును, నడిమి రెండును సమాచారము కొరకును ఏర్పడినవి. 2008లో వచ్చిన 3.0 రకమునందు మరి యైదు పట్టీలు చేరినవి.

ఇందొక విశేషము కలదు. తగిలించెడి ముక్కులో విద్యుత్తు పట్టీలు, సమాచారపు పట్టీల కంటె కొంచెము పొడవుగా నుండును. విద్యుత్తు ముందుగా అందవలెనని అట్లు చేసిరి. కావున పెన్‌డ్రైవు దీపము వెలుగుచున్నను కంప్యూటరు దానిని గుర్తింపకపోవచ్చును. దీపము వెలిగినంత మాత్రమున అంతయు బాగుగా నున్నదని తలపరాదు; విద్యుత్తు వచ్చుచున్నదని మాత్రమే దాని యర్థము.

ఇక పరీక్ష. అనుమానింపదగినవి నాలుగు: తగిలించిన వస్తువు, దాని కేబులు, పోర్టు, కంప్యూటరు లోపలి యేర్పాటులు. ఒక్కమారు ఒక్కదానినే మార్చి చూడవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో దోషము తొలగినను, అది దేనిలో నుండెనో తెలియదు. వస్తువును అదే ల్యాప్‌టాపులో మరియొక పోర్టునకు తగిలింపుడు; పిదప వేరొక కంప్యూటరునకు తగిలింపుడు. అంతటను తెగిపోవుచున్నచో తప్పు వస్తువుదో, కేబులుదో యగును. అప్పుడు కేబులును మాత్రము మార్చుడు. కొన్ని కేబులులు ఛార్జింగు కొరకే చేయబడినవి. వానిలో సమాచారపు తీగెలే యుండవు. అన్ని వస్తువులును ఒక్క పోర్టుననే తడబడుచున్నచో ఆ పోర్టును అనుమానింపవచ్చును. అన్ని పోర్టులును ఒకేమారు ఆగుచున్నచో దోషము లోపలి యేర్పాటులలో నుండుట సంభవము.

ఆగియాగి వచ్చు దోషమునకు జ్ఞాపకశక్తి చాలదు. ఒక కాగితముపై తేదీ, వేళ, పోర్టు, వస్తువు వ్రాసి యుంచుడు. అప్పుడు ఛార్జరు తగిలించి యున్నదా లేదా, ల్యాప్‌టాపు నిద్ర నుండి లేచినదా అనునవి కూడ వ్రాయుడు. ఒక వారము వ్రాసినచో, దోషము వచ్చు వేళలలో ఏది సమానముగా నున్నదో కనబడగలదు.

బ్యాటరీపై నడచునపుడో, నిద్ర నుండి లేచినపుడో పోర్టు ఆగుచున్నచో, విద్యుత్తును పొదుపుచేయు నేర్పాటే కారణమై యుండవచ్చును. విండోస్ కంప్యూటరు, పని లేని పోర్టునకు విద్యుత్తును ఆపును. ఒక్కొక్కప్పుడు తిరిగి మేల్కొలుపుటలో తప్పును. దీనికై డివైస్ మేనేజరు తెరచి, యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ అను శీర్షిక క్రింద యు.యస్.బి. రూట్ హబ్ అను దానిని తెరువుడు. అందు పవర్ మేనేజ్‌మెంట్ అను పుటలో, విద్యుత్తును పొదుపు చేయుటకై ఈ పరికరమును ఆపవచ్చునను వాక్యము ప్రక్కనున్న గురుతును తీసివేయుడు. దీనికి ముందే ఒకమారు రీస్టార్ట్ చేసి చూచుట మేలు. విండోస్ 10, 11 లలో షట్‌డౌన్ చేసినపుడు వెనుకటి స్థితిలో కొంత భాగము సాధారణముగా దాచబడును. రీస్టార్ట్ చేసినపుడు సమస్తమును క్రొత్తగా మొదలగును.

పెద్ద వస్తువులను తగిలించినపుడే దోషము వచ్చుచున్నచో విద్యుత్తు చాలకుండుట కారణము కావచ్చును. 2.0 రకపు పోర్టు 500 మిల్లీ ఆంపియరులును, 3.0 రకపు పోర్టు 900 మిల్లీ ఆంపియరులును ఇచ్చునట్లు నిబంధన కలదు. బయటి హార్డుడిస్కు తిరుగ మొదలిడునపుడు విద్యుత్తును ఎక్కువగా కోరును. అది టిక్కుటిక్కు మనుచు తెగిపోవుచున్నచో తక్కిన వస్తువులను తీసివేసి, హబ్బు లేకుండ నేరుగా తగిలించి చూడుడు. లేదా సొంతముగా విద్యుత్తు అందు హబ్బును వాడుడు.

తీగె లేని మౌసు మాత్రమే తడబడుచున్నచో మరియొక కారణము కూడ కలదు. 3.0 రకపు హార్డుడిస్కులు, వాని కేబులులు పనిచేయునపుడు 2.4 గిగాహెర్ట్జు ప్రాంతమున రేడియో అలజడిని కలిగించును. మౌసు కూడ సాధారణముగా ఆ తరంగములనే వాడును. దాని రిసీవరును దూరపు పోర్టునకు మార్చినచో బాగుపడును.

మన ప్రాంతపు దుమ్మును మరువరాదు. బడిసంచిలో తిరుగు ల్యాప్‌టాపు పోర్టులలో నూలుపోగులు, సుద్దపొడి చేరును. సముద్రతీరమున ఉప్పుగాలి లోహమును తినివేయును. శుభ్రపరచుటకు ముందు యంత్రమును పూర్తిగా ఆపి, ఛార్జరును తీయవలెను. పొడిగా నున్న మెత్తని కుంచెతో మెల్లగా దులుపవలెను. గుండుసూదిని చొప్పింపరాదు, నోటితో ఊదరాదు, ఏలయనగా తేమ లోపలికి పోవును. ముక్కును కొంచెము కదిలించినపుడు వస్తువు వచ్చుచు పోవుచున్నచో, పోర్టు వదులైనది, లేక దాని టంకము విడినది. అది ఇంట చేయదగిన పని కాదు. అయినను పనివానిని ఒక ప్రశ్న యడుగుడు: “పోర్టు మదర్‌బోర్డుపైననే యున్నదా, వేరు చిన్నబోర్డుపై నున్నదా?” అనేక ల్యాప్‌టాపులలో కొన్ని పోర్టులు వేరుబోర్డుపై నుండును, దానిని మాత్రము మార్చిన చాలును.

ఈ పరీక్షలన్నిటికి ముందు చేయవలసిన పని యొకటి కలదు. తడబడు పోర్టులో నున్న పెన్‌డ్రైవునందు మీ యేకైక ప్రతిని ఉంచకుడు. వ్రాత జరుగుచుండగా సంబంధము తెగినచో ఫైలు పాడగును. పోర్టును కొనవచ్చును గాని, పరీక్షకై నెలల తరబడి వ్రాసికొన్న పాఠములను, కుటుంబపు ఛాయాచిత్రములను ఏ యంగడిలోను కొనజాలము. కావున మొదట వానిని మరియొకచోట నకలు చేసి, అటుపిమ్మట దోషమును వెదకుడు.

విద్యార్థులారా, విచారింపక తీర్పు చెప్పుట యంత్రము విషయమునను తప్పే, మనుష్యుల విషయమునను తప్పే. ఒక్కొక్కదానిని ఓర్పుతో పరీక్షించి, కన్నదానిని నిజముగా వ్రాసికొని, పిమ్మట నిర్ణయించుట శాస్త్రమునకు మూలము. దేవుడు మనకొసగిన బుద్ధిని ఇట్టి చిన్న పనులలో వాడుట నేర్చుకొన్నవారు, పెద్ద పనులలోను తొట్రుపడరు.