నాలుగు భాషల కొండదేశం

స్విట్జర్లాండు అనగానే మనవారికి స్ఫురించేవి మంచుకొండలు, సరస్సులు, గడియారాలు. కాని ఆ దేశాన్ని ఒక కొసనుండి మరొక కొసకు చుట్టివచ్చే యాత్రికునకు అంతకంటె వింతగొలిపే విషయం మరొకటి ఉన్నది. అక్కడ కొండ దాటితే చాలు, భాష మారుతుంది.

ఉత్తరాన జూరిచ్ నగరంలో జనం ఇంటా బయటా మాట్లాడేది స్విస్ జర్మన్. బడిలో వ్రాసేది గ్రాంథిక జర్మన్. గ్రాంథిక వ్యావహారిక వివాదం ఎరిగిన తెలుగువారికి ఈ ద్వంద్వం కొత్త కాదు. పడమట లెమాన్ సరస్సు ఒడ్డున జెనీవాలో ఫ్రెంచి వినిపిస్తుంది. 1863లో రెడ్‌క్రాస్ సంస్థ పుట్టినది ఈ నగరంలోనే.

దక్షిణానికి పోవలెనంటే గోత్తార్డ్ పర్వతం అడ్డు. 1882లో తెరచిన పదిహేను కిలోమీటర్ల రైలు సొరంగంలోకి జర్మన్ వింటూ ప్రవేశించినవాడు, ఆవలి ముఖాన ఇటాలియన్ వింటాడు. ఆ తిచీనో సీమ పేదలకు ఒకప్పుడు చెస్ట్‌నట్ కాయలే ఆధారం. మన మన్యంలో చోడి అంబలి వంటిదన్నమాట.

తూర్పున గ్రౌబ్యుండెన్ సీమ లోయలలో నిలిచిన భాష రొమాన్ష్. లాటిన్ సంతతికి చెందిన ఈ భాషను మాట్లాడేవారు లక్షమంది కూడ లేరు. అయినప్పటికీ 1938లో దేశప్రజలు వోటు వేసి దానిని నాలుగవ జాతీయభాషగా అంగీకరించారు. లోయలోయకూ పలుకుబడి వేరు గనుక, 1982లో అన్నిటికీ ఉమ్మడిగా ఒక వ్రాతభాష కల్పించబడింది. దానిని బడులలో ప్రవేశపెట్టిన కొన్నాళ్ళకు, అది తమ పిల్లల మాట కాదని పలు గ్రామాలు తిరిగి తమ లోయ పలుకుబడికే మరలినవి. చట్టం భాషకు గౌరవమివ్వగలదు. దానిని బ్రతికించవలసినవి ఇల్లూ బడీ.

ఇటువంటి వైవిధ్యం చూడడానికి ఆల్ప్సు పర్వతాలదాకా పోనక్కరలేదు; మన తూర్పు కనుమలలోనే ఉన్నది. అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట, అరకు ప్రాంతాలలో తెలుగుతోపాటు కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు వ్యవహారంలో ఉన్నాయి. వీనిలో కువి, కొండ భాషలు తెలుగువలెనే ద్రావిడ కుటుంబానికి చెందినవి. కొండ భాషను గూర్చి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు రచించిన ఉద్గ్రంథం 1969లో వెలువడింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించినప్పుడు ఈ మూడూ వానిలో చేరాయి.

ఒకటవ తరగతిలో కొండపిల్లవాడు ఉపాధ్యాయుని ప్రశ్నకు బదులు పలకకపోతే మందబుద్ధి అనుకోవడం పరిపాటి. ఆ ప్రశ్న వానికి తెలిసిన భాషలో అడిగినామా అన్నది ముందుగా చూచుకోవలె. ఇంటిమాటతో అక్షరం దిద్దిన పిల్లవాడు తెలుగుకు దూరం కాడు. ఆ మెట్టుమీదుగానే తెలుగులోకి నడచివస్తాడు. నాలుగు భాషలను సమానంగా మన్నించినందువల్ల స్విట్జర్లాండు చీలిపోలేదు. మన కొండబడిలో మరొక భాష వినిపించినంతమాత్రాన తెలుగుకు వచ్చే లోటూ లేదు.