పింజోర్‌కు చేరే రాబందులు

హర్యానాలో శివాలిక్ కొండల దిగువన, పింజోర్ సమీపంలో ఉన్న జటాయు సంరక్షణ కేంద్రాన్ని ఆ రాష్ట్ర అటవీశాఖ, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కలిసి నడుపుతున్నాయి. జబ్బుపడిన రాబందుల చికిత్స కోసం 2001లో మొదలైన ఈ కేంద్రం, 2004 నుంచి పక్షులను జతకట్టించి పిల్లలను పెంచే ప్రజనన కేంద్రంగా మారింది.

ఇటువంటి కేంద్రానికి కొత్తగా వచ్చిన పక్షిని వెంటనే మిగతావాటితో కలపరు. రోగమేదైనా ఉంటే పాతవాటికి సోకకుండా కొంతకాలం విడి గదిలో ఉంచి, బరువు చూసి, రక్తం పరీక్షించి, గుర్తుకోసం కాలికి కడియం తొడుగుతారు. రాబందుల్లో ఆడ, మగ చూడడానికి ఒకేలా ఉంటాయి గనుక, జత కుదర్చాలంటే డీఎన్ఏ పరీక్ష చేయక తప్పదు. ఆ తరువాత పక్షిని వలకప్పు ఉన్న విశాలమైన పంజరంలోకి వదులుతారు. అక్కడ గూళ్లకోసం అరుగులు, స్నానానికి నీటితొట్టెలు ఉంటాయి. గూడు కట్టే కాలంలో ఎండుపుల్లలు కూడా వేస్తారు. పుల్లను ముక్కున కరచుకుని అరుగుమీదికి చేర్చే ఆ భారీ పక్షిని చూసినవారికి, అది అసహ్యమైన జీవి అనే మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ఆహారం విషయంలో జాగ్రత్త మరీ ఎక్కువ. మేకలను తెచ్చిన వెంటనే కోయకుండా కనీసం వారంపాటు ఉంచుతారు. అంతకుముందు వాటికి ఏదైనా మందు ఇచ్చి ఉంటే ఆలోగా అది ఒంట్లోంచి పోతుందని ఈ ఏర్పాటు. ఇంత జాగ్రత్తకు కారణం పశువుల నొప్పులకు, వాపులకు వాడిన డైక్లోఫినాక్. ఆ మందు తీసుకున్న కొద్దికాలానికే చనిపోయిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై తెల్లటి పొరలా పేరుకుని, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. మందు కలిసిన కళేబరాలు నూటికి ఒకటైనా లేకపోయినా జాతి కూలిపోగలదని పరిశోధకులు లెక్కగట్టారు. ఒక్క కళేబరం చుట్టూ పదుల పక్షులు చేరడమే అందుకు కారణం. 1992, 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టి, సుమారు అయిదేళ్లకు గానీ ఈడుకు రాని పక్షి అంత నష్టాన్ని తనంతట తాను పూడ్చుకోలేదు.

అందుకే హైదరాబాదు జంతుప్రదర్శనశాలతో సహా మరికొన్ని చోట్ల కూడా ఇటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. అయితే పక్షులను పెంచడం కేంద్రాల చేతిలో ఉంది గానీ, వదిలాక అవి బతకడం పశువుల కొట్టాల్లో తేలే విషయం. ఇది హర్యానాకే పరిమితమైన విషయం కాదు; తెలంగాణలోనూ బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. పశువైద్యంలో డైక్లోఫినాక్‌ను 2006లోనే నిషేధించినా, మనుషుల కోసం అమ్మే మందును పశువులకు వాడిన సందర్భాలున్నాయి. 2023లో రాబందులకు అలాగే హానిచేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా పశువులకు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. వీటికి బదులుగా, రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ దొరుకుతూనే ఉంది. పాడిరైతులు తమ పశువుకు సూది వేయించేటప్పుడు ఆ మందునే అడిగి వేయించాలి.