వర్చువలైజేషన్ నేర్చుకోవాలా? పాత పీసీ చాలు!

"స్నాప్‌షాట్‌కీ బ్యాకప్‌కీ తేడా ఏంటి?"

రెండేళ్ల కిందట ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇది. రెండూ దాదాపు ఒకటే అన్నట్టు ఏదో చెప్పాను. "సొంతంగా ఎప్పుడైనా సర్వర్ పెట్టి చూశారా?" అన్నారు. లేదన్నాను. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

నిజానికి ఆఫీసులో నేను రోజూ వాడేవి వర్చువల్ మెషీన్లే. కానీ టికెట్ పెడితే ఇంకెవరో క్రియేట్ చేసి ఇచ్చేవాళ్లు. వాటి మీద ప్రయోగాలు చేస్తే ఉద్యోగానికే ఎసరు! అందుకే ఇంట్లోనే ఒకటి పెట్టాలనుకున్నా.

వర్చువలైజేషన్ అంటే సింపుల్. ఒకే ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే కంప్యూటర్‌ని నాలుగైదు కంప్యూటర్లలా వాడుకోవడం. ఎవరికెంత మెమరీ, ఎంత డిస్క్ అని పంచిపెట్టే ఇంటి ఓనరే హైపర్‌వైజర్.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి ఏదో ఆఫీసు వాడి అమ్మేసిన ఐ5 డెస్క్‌టాప్ కొన్నా. మీరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ర్యామ్. ప్రాసెసర్‌ని మెషీన్లు వంతులేసుకుని వాడుకుంటాయి, ర్యామ్ మాత్రం ఎవరిది వాళ్లకు కావాల్సిందే. గ్రాఫిక్స్ లేని లైనక్స్ సర్వర్‌కి 2 జీబీ సరిపోతుంది. 16 జీబీ ఉంటే ఐదారు మెషీన్లు హాయిగా నడుస్తాయి.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం ఆన్ చేయండి. నేను వేసుకున్నది ప్రాక్స్‌మాక్స్. డెబియన్ లైనక్స్ మీద నడుస్తుంది, ఉచితం. పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేశాక ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో 8006 పోర్ట్‌తో దాని అడ్రస్ కొడితే కంట్రోల్ ప్యానెల్ వచ్చేస్తుంది. వైఫైతో కుస్తీ పట్టకుండా రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగేయండి.

"రాత్రంతా ఆ డబ్బా ఎందుకురా, కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని అమ్మ గొడవ. లెక్కేసి చూపించా. 40 వాట్లు తీసుకుంటే రోజుకు సుమారు ఒక యూనిట్. అయినా పడుకునే ముందు ఆపేయడం అలవాటైంది.

మూడో నెలలో డిస్క్ పోయింది. పాతది కదా! అన్ని మెషీన్లకూ స్నాప్‌షాట్లు తీసి పెట్టుకున్నాననే ధైర్యంతో ఉన్నా. తీరా చూస్తే అవీ అదే డిస్క్‌లో ఉన్నాయి. మొత్తం గోవిందా! ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు అప్పుడు తెలిసింది. స్నాప్‌షాట్ మనం చేసిన తప్పు నుంచి వెనక్కి తెస్తుంది. డిస్కే పోతే కాపాడేది వేరే చోట దాచిన బ్యాకప్. నాకు పోయింది మూడు నెలల ప్రాక్టీస్. ఆఫీసులో అయితే కస్టమర్ల డేటా పోయేది.

కొత్త ఎస్‌ఎస్‌డీ వేశా. బ్యాకప్‌లు ఇప్పుడు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్తున్నాయి. నెలకోసారి ఒక మెషీన్‌ని కావాలనే డిలీట్ చేసి, బ్యాకప్ నుంచి మళ్లీ లేపి చూస్తా.

తర్వాతి ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న. ఈసారి డిస్క్ పోయిన కథ చెప్పా. ప్రశ్నలు గంటసేపు సాగాయి. ఉద్యోగం వచ్చింది.

పీసీ కొనే పరిస్థితి లేదా? ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ వేసుకోండి. ఒక లైనక్స్ మెషీన్ పెట్టి, ఈ వీకెండే దాన్ని పాడుచేసి చూడండి. మళ్లీ లేపగలిగితే సగం వచ్చేసినట్టే!