చెవుడుకీ, నెలసరి రాకపోవడానికీ ఒకటే కారణమా? చిట్టెలుక చెప్పిన సంగతి

చిన్నప్పటి నుంచి చెవులు సరిగ్గా వినబడని ఆడపిల్ల. మిషన్ పెట్టించారు, స్కూలుకు పంపారు. పదహారేళ్లు దాటినా పెద్దమనిషి కాలేదు. చెవికి ఒక డాక్టరు, నెలసరికి ఇంకో డాక్టరు. రెండు ఫైళ్లు, రెండు ఆసుపత్రులు. ఈ డాక్టరుకు ఆ ఫైలు ఎవరూ చూపించరు. ఇంట్లో మాత్రం "పాపం, దీని నసీబే అంత" అంటారు.

ఈ రెండు కష్టాలూ ఒకే చోట మొదలయ్యే అరుదైన జబ్బు ఒకటి ఉంది. పేరు పెరాల్ట్ సిండ్రోమ్. 1951లో ఫ్రాన్స్ డాక్టర్లు మొదటిసారి దీని గురించి రాశారు. ఇందులో ఆడవాళ్లకు చెవుడుతో పాటు అండాశయాలు పనిచేయవు, లేదా చిన్న వయసులోనే ఆగిపోతాయి. చెవి ఎక్కడ, అండాశయం ఎక్కడ? ఈ రెండింటికీ లింకు ఏమిటన్నది అరవై ఏళ్ల దాకా సరిగ్గా తెలియలేదు. తెలియడంలో చిట్టెలుకల సాయం చాలా ఉంది.

మన ఒంట్లోని ప్రతి కణానికీ శక్తి కావాలి. ఆ శక్తిలో ఎక్కువ భాగం తయారయ్యే చోటు మైటోకాండ్రియా. అక్కడ పాడైన ప్రోటీన్లు పేరుకుపోకుండా వాటిని ముక్కలు చేసే ఏర్పాటు ఉంటుంది. సీఎల్‌పీఎక్స్ అనే ప్రోటీన్ ముడుచుకుపోయిన ప్రోటీన్‌ను విప్పి లోపలికి తోస్తుంది. సీఎల్‌పీపీ దాన్ని కత్తిరిస్తుంది. చిక్కుపడ్డ దారాన్ని ఒకరు విప్పి ఇస్తుంటే ఇంకొకరు కత్తెరతో కోస్తున్నట్టన్న మాట.

మరి ఆ కత్తెరే లేకపోతే? ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడానికే సైంటిస్టులు నాకౌట్ ఎలుకల్ని తయారు చేస్తారు. అంటే ఎలుకలో ఒకే ఒక్క జన్యువును పనిచేయకుండా చేసి, ఏం తేడా వస్తుందో చూస్తారు. ఈ పద్ధతికి దారి వేసిన మారియో కాపెక్కి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ ఇచ్చారు.

సీఎల్‌పీపీ జన్యువు పనిచేయని ఎలుకల ఫలితాలు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకుల నుంచి 2013లో వచ్చాయి. ఆ ఎలుకలు మామూలు వాటికన్నా చిన్నగా పెరిగాయి. వినికిడి దెబ్బతింది. పిల్లలు పుట్టలేదు, ఆడవాటికీ లేరు, మగవాటికీ లేరు. ఆడ ఎలుకల అండాశయంలో అండపు తిత్తులు సరిగ్గా ఎదగలేదు. మగ ఎలుకల్లో వీర్యకణాల తయారీ మధ్యలోనే ఆగిపోయింది. కణాల్లో చూస్తే సీఎల్‌పీఎక్స్ పేరుకుపోయి ఉంది, వాపుకు సంబంధించిన గుర్తులు పెరిగాయి.

సరిగ్గా అదే ఏడాది, మనుషుల మీద జరిగిన పరిశోధన ఒకటి అచ్చయింది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఉన్న మూడు పాకిస్తానీ కుటుంబాల్లో పెరాల్ట్ సిండ్రోమ్‌కు కారణం వెతికితే ఇదే సీఎల్‌పీపీ జన్యువులో మార్పు దొరికింది. ఈ సిండ్రోమ్‌కు కారణమని తెలిసిన మిగతా జన్యువుల్లో కూడా చాలావాటి పని మైటోకాండ్రియాలోనే.

అయితే ఎలుక ఎలుకే, మనిషి మనిషే. పెరాల్ట్ ఉన్న కొన్ని కుటుంబాల్లో నడక తూలడం, ఫిట్స్, చదువులో వెనకబడటం లాంటి నరాల సమస్యలు కూడా కనిపిస్తాయి. కొందరికి చెవుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఈ జబ్బున్న మగవాళ్లకు చెవుడు ఒక్కటే ఉంటుందని చెప్పేవారు. కానీ ఈ జన్యువు లేని మగ ఎలుకకు సంతానమే లేదు. కాబట్టి సీఎల్‌పీపీ మార్పు ఉన్న కుటుంబంలో అబ్బాయి సంగతి కూడా డాక్టర్‌ను అడగాలి, అమ్మాయి ఒక్కదాన్నే చూస్తే చాలదు.

ఇంకో విషయం. ఈ ఎలుకల తల్లిదండ్రులు బాగానే ఉన్నాయి. ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక కాపీ పాడైన ఎలుకలు పిల్లల్ని కన్నాయి. అలాంటి జంటకు పుట్టి, రెండు వైపుల నుంచీ పాడైన కాపీ అందుకున్న పిల్లలకే జబ్బు వచ్చింది. మనుషుల్లో కూడా ఇదే లెక్క. అమ్మీకి ఏ జబ్బూ ఉండదు, అబ్బాకూ ఉండదు. ఇద్దరిలోనూ ఆ ఒక్క కాపీ ఉంటే, ప్రతి కాన్పులో నూటికి 25 పాళ్లు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. తప్పు తల్లిదని తేల్చే అత్తగార్లు ఈ లెక్క కాస్త వినాలి.

మన ఇళ్లలో చాచా, ఫూఫీ, మామూ, ఖాలా పిల్లల మధ్య రిష్తాలు మామూలే. చుట్టుపక్కల హిందూ కుటుంబాల్లో మేనరికం, మేనమామతో పెళ్లి కూడా ఉన్నవే. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకటే ఉంటాయి. అందుకే దాగి ఉన్న ఒకే పాడైన కాపీ ఇద్దరికీ చేరే అవకాశం బయటి సంబంధం కన్నా ఎక్కువ. ఇలాంటి పెళ్లిళ్లలో చాలామందికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలే పుడతారు, అది కూడా నిజమే. కానీ ఖాందాన్‌లో ఇప్పటికే చెవుడున్న బిడ్డ ఉంటే, అదే ఖాందాన్‌లో ఇంకో రిష్తా ఖాయం చేసే ముందు జెనెటిక్స్ డాక్టర్‌ను కలవడం మంచిది. షరీఅత్ ఆ పెళ్లిని అనుమతించింది, తప్పనిసరి చేయలేదు గదా.

ఇక అమ్మాయి విషయం. చెవుడున్న ప్రతి పిల్లకూ పెరాల్ట్ ఉండదు. నెలసరి ఆలస్యమైన ప్రతి పిల్లకూ అసలే ఉండదు. రెండూ కలిసి ఉంటే మాత్రం ముందు క్రోమోజోముల పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే టర్నర్ సిండ్రోమ్‌లో కూడా ఈ రెండూ కనిపించవచ్చు. క్రోమోజోములు మామూలుగా ఉంటే అప్పుడు జన్యు పరీక్ష. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల ఈ విభాగాలున్నాయి.

జన్యువును మార్చే మందు లేదు కానీ చేయగలిగింది చాలా ఉంది. మిషన్‌తో సరిపోనంత చెవుడైతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి అడగొచ్చు. డాక్టర్ ఇచ్చే హార్మోన్లతో శరీరం ఎదుగుతుంది, ఎముకలు గుల్లబారకుండా ఉంటాయి. "నెలసరి లేకపోతే ఏమైంది, పెళ్లప్పుడు చూద్దాంలే" అని ఈ హార్మోన్లు ఆలస్యం చేస్తే ఎముకలకే నష్టం. దాత అండంతో గర్భం వైద్యపరంగా సాధ్యమే, కానీ సున్నీ ఉలమాల్లో అత్యధికులు దాన్ని అనుమతించరు. ఆ మాట ముందే తెలిసి ఉండాలి.

దాచిపెట్టి నికాహ్ చేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రెండేళ్లకు "పిల్లలేరీ" అని మొదలై మాట తలాక్ దాకా వెళ్తుంది. మొత్తం భారం ఆ పిల్ల మీదే పడుతుంది, అదీ ఎదుటివాళ్ల మాటలు సగమే వినబడే పిల్ల మీద. అమ్మాయికి అర్థమయ్యేలా ముందు ఆమెకే చెప్పాలి, తర్వాత రిష్తా వాళ్లకు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెవి ఫైలు, నెలసరి ఫైలు రెండూ తీసుకెళ్లండి. నానీ, దాదీలను అడిగి మూడు తరాల్లో ఎవరికి చెవుడు, ఎవరికి సంతానం లేదు, ఎవరి పెళ్లి ఎవరితో అయింది అన్నది ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. చెవి డాక్టర్‌కు నెలసరి సంగతి చెప్పడానికి సిగ్గుపడొద్దు.